ఆకలి రాయమన్నారు, కవిత్వం దాచుకోమన్నారు: బ్రెజిల్ నల్ల కవయిత్రి కరోలినా జీవితం

1940 ఫిబ్రవరి 25న బ్రెజిల్‌లోని సావో పాలో నగరంలో 'ఫోల్హా ద మన్యా' అనే దినపత్రిక ఒక నల్ల యువతి ఫోటో వేసి, ఆమె రాసిన కవితను అచ్చు వేసింది. ఆ కవిత పేరుకు తెలుగులో 'కౌలుకూలీ, కామందు' అని అర్థం చెప్పుకోవచ్చు. ఆ యువతి తనంత తాను పత్రికాఫీసు మెట్లెక్కి, నేను కవిని అని చెప్పుకుంది. 20 ఏళ్ళు దాటాక, 1960 ఆగస్టులో, అదే నగరం అదే మనిషి పుస్తకం కోసం ఎగబడింది. అయితే ఈసారి కవి అని కాదు, చిత్తుకాగితాలు ఏరుకునే మురికివాడ మనిషి డైరీ రాసిందట, చూద్దాం అని.

ఆమె పేరు కరోలినా మరియా డి జెసూస్. ప్రపంచం ఆమెను డైరీ రచయిత్రిగా ఎరుగును. ఆమె మాత్రం బతికినంతకాలం తనను తాను కవిననే చెప్పుకుంది. పద్యాలు రాసింది, పాటలు కట్టింది, నవలలు రాసింది, నాటకాలు రాసింది. లోకం అందులోంచి ఒక్కదాన్ని ఏరుకుంది, ఆకలిని. మిగతాదంతా దాచుకోమంది. ఒక మనిషి బాధను కళ్ళకద్దుకుని, ఆ మనిషి కళను మాత్రం గడప అవతలే నిలబెట్టడం ఎలా జరుగుతుందో చూడాలంటే కరోలినా జీవితం కంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. మేం ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది అదే.

తాత చెప్పిన కథలు, నిఘంటువు తెచ్చిన జైలు

కరోలినా 1914 మార్చి 14న మినాస్ జెరాయిస్ రాష్ట్రంలో సక్రమెంతో అనే చిన్న ఊళ్ళో పుట్టింది. బ్రెజిల్‌లో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1888 మే 13న. అమెరికా ఖండాల్లో అన్నిటికంటే చివర రద్దు చేసిన దేశం అదే. ఆఫ్రికా నుంచి ఓడల్లో బంధించి తెచ్చినవాళ్ళలో దాదాపు 48 లక్షల మందిని దింపుకున్న దేశమూ అదే. రద్దయితే చేశారు గానీ విడుదలైన వాళ్ళకు సెంటు భూమి ఇవ్వలేదు, బడి ఇవ్వలేదు. 1891 రాజ్యాంగం చదువు రానివాళ్ళకు ఓటు లేదంది. ఆ ఓటు తిరిగి వచ్చింది 1985లో. అంటే నల్లవాళ్ళను బడికి రానివ్వకుండా, బడికి రాలేదు కాబట్టి పౌరులు కాదని ఒక శతాబ్దం పాటు నడిపించారన్నమాట. చదువుకు దూరం చేసి, చదువు లేదని వెలివేసే ఈ లెక్క మనకు కొత్తది కాదు.

కరోలినా తాత బెనెదితో బానిసత్వంలోంచి వచ్చినవాడు. అక్షరం ముక్క రాదు. కానీ సాయంత్రం పూట ఆయన చెప్పే కథలు వినడానికి జనం చుట్టూ చేరేవాళ్ళు. ఆయన్ను 'ఆఫ్రికా సోక్రటీసు' అనేవాళ్ళని మనవరాలు గర్వంగా రాసుకుంది. తల్లి ఊళ్ళోవాళ్ళ బట్టలు ఉతికేది. తల్లి బట్టలుతికే ఇంటి తెల్ల ఇల్లాలు ఒకామె పూనుకుని పిల్లను బడిలో వేసింది. కరోలినా చదివింది మొత్తం మీద రెండేళ్ళే. ఆ రెండేళ్ళలో చదవడం పట్టుబడింది. ఇక కనపడ్డ ప్రతి బోర్డూ, ప్రతి కాగితం ముక్కా చదవసాగింది.

తర్వాత తల్లి కూలికోసం పొలాల వెంట తిరగడంతో బడి ఆగిపోయింది. చదువు ఆగలేదు. చదువే ఒకసారి జైలుకు కూడా తీసుకుపోయింది. ఇంటి ముందు కూచుని లావుపాటి నిఘంటువు తిరగేస్తున్న నల్ల పిల్లను చూసి, ఆమె మంత్రాల పుస్తకం చదువుతోందని, చేతబడి చేస్తుందని ఊళ్ళోవాళ్ళు అనుకున్నారు. పోలీసులొచ్చి తల్లినీ కూతురినీ పట్టుకుపోయారు, కొట్టారు. కూతురికి అడ్డం పడ్డ తల్లి చెయ్యి విరిగింది. చేతిలో పుస్తకం ఉన్న నల్లమనిషి అంటే ఆ సమాజానికి అంత అనుమానం. ఇదంతా ఆమె తన బాల్యం గురించి రాసుకున్న పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం కథకు తర్వాత వస్తాం.

పనిమనిషి గదిలో గ్రంథాలయం

1937లో కరోలినా సావో పాలో చేరింది. అప్పటికి ఆ నగరం మిల్లులతో, కాఫీ డబ్బుతో ఉబ్బిపోతోంది. నల్ల ఆడవాళ్ళకు అక్కడ దొరికే పని ఒక్కటే, ఇంటిపని. ఆమె చాలా ఇళ్ళు మారింది. రాత్రిళ్ళు బయటికి తిరిగే మనిషి, ఎదురు మాట్లాడే మనిషి కావడంతో ఎక్కడా కుదురుగా ఉంచుకోలేదు. ఆ ఇళ్ళలో ఒకటి డాక్టర్ జెర్బినీది. తర్వాత 1968లో లాటిన్ అమెరికాలో మొట్టమొదటి గుండె మార్పిడి చేసింది ఆయనే. సెలవు రోజుల్లో ఆ ఇంటి పుస్తకాల గదిలో కూచుని చదువుకునేదని చెబుతారు.

ఈ కాలంలోనే ఆమె కవిత్వం మొదలైంది. పత్రికాఫీసుల చుట్టూ తిరగడం ఈ కాలంలోనే. మొదట్లో చెప్పిన 1940 నాటి కవిత అలా అచ్చయిందే. ఆ కవిత వస్తువు చూడండి. పొలంలో చాకిరీ చేసే కౌలుకూలీకి, పండిందంతా తీసుకుపోయే కామందుకు మధ్య సంబంధం. అంటే కరోలినా రాయడం మొదలుపెట్టింది మురికివాడలో కాదు, ఆకలి డైరీతో కాదు. ఆమె మురికివాడకు చేరేసరికే కవి. ఆ తర్వాత వచ్చిన పేరు ఈ వరసను తిరగేసి పడేసింది. మురికివాడే ఆమెను రచయిత్రిని చేసినట్టు, ఒక విలేకరి వచ్చి ఆమెలోని రచయిత్రిని లేపినట్టు కథ అల్లారు. ఈ వరస సరిచేయడం ముఖ్యం.

నగరం తన పాత సామాను పడేసే గది

1940ల చివర ఆమె గర్భవతి అయింది. కడుపుతో ఉన్న పనిమనిషిని ఏ ఇల్లూ ఉంచుకోదు. తియెతే నది ఒడ్డున కనిందే అనే ఫవేలాకు చేరింది. ఫవేలా అంటే పట్టా లేని జాగాలో రేకులతో, చెక్కలతో వేసుకున్న గుడిసెల వాడ. ఈ వాడలు ఎలా పుట్టాయో కరోలినా స్వయంగా వివరించింది. నగరంలో పాత ఇళ్ళు కూలగొట్టి పెద్ద పెద్ద కట్టడాలు లేపేటప్పుడు, ఆ ఇళ్ళలో గదికొకరుగా బతికే పేదలను వెళ్ళగొట్టారు. వాళ్ళు వంతెనల కింద తల దాచుకున్నారు. తర్వాత నది ఒడ్డుకు చేరారు.

అందుకే తన పుస్తకానికి 'క్వార్తో దె దెస్పెజో' అని పేరు పెట్టింది. మామూలుగా ఈ మాటకు ఇంట్లో పనికిరాని పాత సామాను పడేసే గది అని అర్థం. నగరం ఒక పెద్ద ఇల్లయితే, మేడలూ కార్యాలయాలూ దాని ముందు గదులు. ఫవేలా వెనక ఉండే ఈ సామాన్ల గది. అయితే పోర్చుగీసులో 'దెస్పెజో' అన్న మాటకు ఇంకో అర్థం కూడా ఉంది. అద్దెకున్నవాళ్ళను ఖాళీ చేయించడాన్ని కూడా అదే మాటతో చెబుతారు. ఒకే మాటలో పారేయడమూ ఉంది, వెళ్ళగొట్టడమూ ఉంది. పారేసిన సామాను తనంతట తాను ఆ గదిలోకి నడిచి రాలేదు, ఎవరో పడేస్తే వచ్చింది. ఇంత రాజకీయార్థాన్ని ఒక్క పేరులో ఇమిడ్చిన మనిషిని కవి కాదనడానికి ఎంత ధైర్యం కావాలి!

ఆమెకు ముగ్గురు పిల్లలు, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. భర్త లేడు. ఎప్పుడూ చదువుతూ, రాయడానికి అర్ధరాత్రి లేచే ఆడదానితో ఏ మగాడూ పడలేడని, అందుకే పెళ్ళి వద్దనుకున్నానని రాసుకుంది. రోజూ తెల్లారకముందే లేచి కుళాయి దగ్గర వరసలో నిలబడేది. తర్వాత గోనెసంచి భుజానేసుకుని వీధులు తిరిగి చిత్తుకాగితాలు, పాత ఇనుము ఏరేది. కాటా వేయించి, వచ్చిన డబ్బుతో ఆ పూటకు బియ్యమో, రొట్టో, ఎముకల ముక్కలో తెచ్చేది. కాగితం తడిస్తే కొనేవాడు లేడు, కాబట్టి వాన పడితే పస్తు. ఆదివారం కోసం శనివారం రెట్టింపు ఏరాలి.

ఆ ఏరిన కాగితాల్లోనే సగం వాడి పారేసిన నోటుపుస్తకాలు దొరికేవి. వాటిలో ఖాళీ పేజీలు తనవి. అచ్చయిన డైరీ 1955 జూలై 15న కూతురి పుట్టినరోజుతో మొదలవుతుంది. పిల్లకు చెప్పులు కొనాలని ఉంది, డబ్బు లేదు. చివరికి చెత్తలో దొరికిన జోడు కడిగి, బాగు చేసి తొడిగింది. 1958 మే 13 నాటి పేజీ కూడా చూడాలి. ఆ రోజు బానిసత్వం రద్దయిన రోజు, పండగ రోజు. ఇంట్లో తిండి లేదు. తాను ఈనాటి బానిసత్వంతో, అంటే ఆకలితో, పోరాడుతున్నానని రాసింది. ఆకలికి రంగు ఉంటుందనీ, కడుపు కాలినప్పుడు ఆకాశమూ చెట్లూ అన్నీ పసుపుపచ్చగా కనిపిస్తాయనీ రాసింది. ఈ చూపు కేవలం ఆకలిదైతే ఆ వాడలో అందరూ ఇలా రాసి ఉండాలి. ఆకలి అందరిదీ, చూపు మాత్రం ఆమె సాధించుకున్నది.

విలేకరి రాక, పుస్తకం విజయం

1958లో అవుదాలియో డాంటాస్ అనే యువ విలేకరి ఫవేలా మీద వార్త రాయడానికి కనిందే వచ్చాడు. పిల్లల కోసం పెట్టిన ఉయ్యాలలను పెద్దవాళ్ళు ఆక్రమించారు. ఒకామె వాళ్ళను కేకలేస్తోంది, మీ పేర్లన్నీ నా పుస్తకంలో రాస్తాను అని. ఏ పుస్తకం అని డాంటాస్ అడిగాడు. గుడిసెలోకి తీసుకుపోయి నోటుపుస్తకాల దొంతర చూపించింది. అప్పటికే ఆమె తన రాతలు పట్టుకుని ఎన్నో తలుపులు తట్టి ఉంది. అమెరికాలోని 'రీడర్స్ డైజెస్ట్'కు కూడా పంపింది. అవి తిరిగొచ్చాయని 1959 జనవరిలో డైరీలో రాసుకుంది.

డాంటాస్ ఆ దొంతరలోంచి డైరీని ఎంచుకున్నాడు. ముందు 'ఫోల్హా ద నోయ్తే' పత్రికలో, తర్వాత 'ఓ క్రుజేయిరో' అనే పెద్ద సచిత్ర వారపత్రికలో కొన్ని భాగాలు వేయించాడు. 1960 ఆగస్టులో పుస్తకం వచ్చింది. మొదటి ముద్రణ 10,000 ప్రతులు వారం తిరిగేసరికి అయిపోయాయి. తర్వాతి ఏళ్ళలో పదికి పైగా భాషల్లోకి వెళ్ళింది. ఇంగ్లీషులో 1962లో వచ్చింది. 1961లో దాన్ని నాటకంగా వేస్తే ప్రసిద్ధ నల్ల నటి రుత్ డి సౌజా కరోలినా పాత్ర వేసింది.

విజయంతో పాటు అనుమానమూ వచ్చింది. రెండేళ్ళు చదివిన నల్ల ఆడది ఇంత రాయగలదా, ఇది డాంటాస్ రాసిందే అయి ఉంటుంది అన్నారు. దీనికి జవాబు చెప్పినవాళ్ళలో ఆనాటి పెద్దకవి మనువెల్ బందేయిరా ఒకడు. ఇలాంటి భాషను ఎవరూ కల్పించి రాయలేరని ఆయన వాదన. ఒక నల్ల స్త్రీ తాను రాసింది తానే రాశానని నిరూపించుకోవాలి, దానికి ఒక పెద్దకవి సాక్ష్యం పలకాలి!

ఏది ఉంచారు, ఏది తీసేశారు

ఇక్కడ ఒక్క క్షణం ఆగి సంపాదకుడి కత్తెర గురించి మాట్లాడాలి. డాంటాస్ తాను నిడివి తగ్గించానని, పునరుక్తులు తీసేశానని ముందుమాటలోనే ఒప్పుకున్నాడు. కరోలినా అక్షరదోషాలను, వ్యాకరణ దోషాలను మాత్రం చాలావరకు అలాగే ఉంచాడు. అది ఆమె సహజత్వమట. 1990లలో చరిత్రకారులు రాబర్ట్ లెవిన్, జోసె కార్లోస్ సెబె బొమ్ మెయీ కలిసి రాతప్రతులు తిరగేశారు. అచ్చులో కనపడే కరోలినా కంటే రాతప్రతుల్లో ఉన్న కరోలినా ఎక్కువ ఆలోచించే మనిషి, ఎక్కువ రాజకీయాలు మాట్లాడే మనిషి అని వాళ్ళు తేల్చారు. ఆమె వాక్యంలో పామరత్వంతో పాటు పుస్తకాల్లోంచి నేర్చుకున్న బరువైన మాటలూ ఉంటాయి. నిఘంటువు చదివిన మనిషి కదా. పాఠకుడు కోరుకున్నది మాత్రం ఆ మొదటిదాన్నే.

డాంటాస్‌ను దుర్మార్గుడిగా చూపించడం మా ఉద్దేశం కాదు. ఆయన లేకపోతే ఆ నోటుపుస్తకాలు ఏ వరదలోనో కొట్టుకుపోయేవి. మంచి ఉద్దేశం ఉన్నవాడు కాబట్టే ఈ విషయం ఇంకా తీవ్రమైనది. శత్రువు తలుపు మూస్తే మనకు తెలుస్తుంది. మిత్రుడు ఒక రెక్క తెరిచి ఒక రెక్క మూసి ఉంచితే అది తెరిచిన తలుపులాగే కనిపిస్తుంది.

ఇటుకల ఇంట్లో ఎదురైన గోడ

1960 ఆగస్టు 30న కరోలినా కనిందే వదిలింది. సామాను లారీ కదులుతుంటే ఇరుగుపొరుగు రాళ్ళు రువ్వారు. మా పేర్లు పుస్తకంలో ఎక్కించి డబ్బు చేసుకుందని వాళ్ళ కోపం. ఆ కోపాన్ని తేలిగ్గా తీసేయలేం. పేదవాడి బతుకును పేదమనిషే రాసినా, ఆ రాత పెద్దవాళ్ళ బజారులో అమ్ముడయ్యేటప్పుడు ఈ చిక్కు వస్తుంది.

సంతానా పేటలో ఇటుకల ఇల్లు కొనుక్కుంది. 1961లో రెండో డైరీ 'ఇటుకల ఇల్లు' వచ్చింది. అందులో ఆకలి కాదు వస్తువు. తనను విందులకు పిలిచే పెద్దింటివాళ్ళు, తెల్ల ఇరుగుపొరుగు చిన్నచూపు, అప్పు అడగడానికి గుమ్మంలో నిలబడేవాళ్ళు, అన్నీ ఉన్నాయి. ముందరి గదిలోకి వచ్చిన మనిషి ముందరి గది గురించి రాస్తే ఎవరికి నచ్చుతుంది? పుస్తకం పెద్దగా అమ్ముడుపోలేదు.

ఆ పుస్తకానికి డాంటాస్ రాసిన ముందుమాట చదివితే మా వ్యాసం మొత్తం అందులోనే ఉందనిపిస్తుంది. ఈ పుస్తకంతో నీ పని పూర్తయిందనుకో, నీ అణకువ పోగొట్టుకోకు, నువ్వు రాసిన ఆ పద్యాలూ కథలూ నవలలూ పక్కన పెట్టి దాచుకో అన్న అర్థంలో ఆయన సలహా ఇచ్చాడు. ఆకలి రాసినంతకాలం నువ్వు గొప్ప, కవిత్వం రాస్తే నీ హద్దు దాటావు అని. పైగా ఈ మాట ఆమె పుస్తకంలోనే అచ్చయింది.

కరోలినా దాచుకోలేదు. 1961లోనే తాను కట్టిన 12 పాటలు తానే పాడి గ్రామఫోను రికార్డు తెచ్చింది. 1963లో ఒక నవల, ఒక సామెతల పుస్తకం వేసింది. పెద్ద ప్రచురణకర్తలు ముందుకు రాకపోతే సొంత డబ్బు పెట్టుకుంది. ఎవరూ పట్టించుకోలేదు. 1964లో సైనిక నియంతృత్వం వచ్చింది. ఫవేలా ఆకలి గురించి మాట్లాడటం ప్రభుత్వానికి గిట్టని పని అయింది.

అటు వామపక్షానికీ ఆమె పూర్తిగా నచ్చలేదు. ఆమె తోటి ఫవేలా జనాన్ని కటువుగా తిట్టింది, ఈశాన్యం నుంచి వచ్చిన వలసకూలీలను ఈసడించింది, కొందరు రాజకీయ నాయకులను మెచ్చుకుంది. మంచి బట్టలు, మంచి ఇల్లు కావాలని దాచకుండా చెప్పింది. ఇవన్నీ ఆమె రాతలో ఉన్నాయి, మేం వాటిని కప్పిపెట్టం. కానీ అణగారిన మనిషి ముందు మచ్చలేని విప్లవకారిణి అయి చూపించాలి, అప్పుడే వింటాం అనడం కూడా ఒక రకం పెత్తనమే.

నగరం శివార్లలో పరేల్యేరోస్ అనే పల్లెలాంటి చోట కొద్ది భూమి కొనుక్కుని చివరి ఏళ్ళు అక్కడే గడిపింది. కూరగాయలు పండించింది, కోళ్ళు పెంచింది. రాబడి చాలక మళ్ళీ కాగితాలు ఏరిన రోజులూ ఉన్నాయి. రాయడం మాత్రం మానలేదు. 1977 ఫిబ్రవరి 13న ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోయింది. వెనక వేల పేజీల రాతప్రతులు మిగిలాయి.

చనిపోయాక దొరికిన కవి

చివరి రోజుల్లో తనను కలవడానికి వచ్చిన ఇద్దరు స్త్రీ పాత్రికేయులకు కరోలినా తన బాల్యం మీద రాసిన నోటుపుస్తకాలు ఇచ్చింది. అది 1982లో పారిస్‌లో ఫ్రెంచిలో అచ్చయింది. సొంత దేశంలో 1986లో 'బిటిటా డైరీ' పేరుతో వచ్చింది. బిటిటా ఆమె చిన్ననాటి ముద్దుపేరు. తాత కథలు, నిఘంటువు, జైలు అన్నీ ఇందులోవే.

ఇక కవిత్వం సంపుటిగా వచ్చింది 1996లో, ఆమె పోయిన 19 ఏళ్ళకు. దాన్ని అచ్చుకు సిద్ధం చేసేటప్పుడు ఒక పేరున్న కవి చేత భాష సరిచేయించారు. డైరీలో తప్పులు ఉంచారు, పద్యాల్లో తప్పులు దిద్దారు. ఆకలి చెప్పేటప్పుడు తప్పు ఉంటేనే అది నిజం; కవిత్వం చెప్పేటప్పుడు తప్పు ఉంటే అది కవిత్వమే కాదు. ఈ రెండు నిర్ణయాలూ చేసింది వేరువేరు మనుషులు, 36 ఏళ్ళ తేడాతో. సూత్రం మాత్రం ఒకటే. ఏది అచ్చు వేయాలో, ఎలా వేయాలో తేల్చేది రాసిన మనిషి కాదు. ఆమె తన కవితలకు పెట్టుకున్న 'క్లీరిస్' అనే పేరుతో సంపుటి రావడానికి 2019 దాకా ఆగాల్సి వచ్చింది.

2017లో రియో డి జనీరోలో ఆమె గౌరవార్థం ఒక సాహిత్య సభ పెట్టారు. ఆ సభలోనే ఒక పెద్ద సాహిత్యాచార్యుడు లేచి, ఇది సాహిత్యం కాదన్నాడు. అక్కడే ఉన్న నల్ల కవయిత్రి ఎలీసా లుసిందా గట్టిగా ఎదురు చెప్పింది. కాలం కూడా మారుతూ వచ్చింది. 2003లో బడుల్లో ఆఫ్రో బ్రెజిల్ చరిత్ర, సంస్కృతి బోధించి తీరాలని చట్టం వచ్చింది. 2012లో కేంద్ర విశ్వవిద్యాలయాల్లో ప్రభుత్వ బడి పిల్లలకు, అందులో నల్ల, మిశ్రమ, ఆదివాసీ విద్యార్థులకు సీట్లు కేటాయిస్తూ చట్టం వచ్చింది. ఆ తలుపులోంచి లోపలికి వెళ్ళిన తరం కరోలినాను కొత్తగా చదువుతోంది. 2019 ప్రవేశానికి కంపీనాస్ విశ్వవిద్యాలయం పెట్టిన పరీక్ష పుస్తకాల్లో ఆమె డైరీ ఉంది. 2021లో రియో కేంద్ర విశ్వవిద్యాలయం ఆమెకు మరణానంతరం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. అదే సంవత్సరం ఆమె రచనలను రాతప్రతుల ప్రకారం తిరిగి వేసే పని ఒక పెద్ద ప్రచురణ సంస్థ మొదలుపెట్టింది. ఆ సంపాదక మండలిలో ఆమె కూతురు వేరా యూనిస్, రచయిత్రి కొన్సెయిసావ్ ఎవరిస్తో ఉన్నారు.

ఒక చాకిరేవు నుంచి ఇంకో చాకిరేవుకు

ఎవరిస్తో పేరు రాగానే ఇంకో తల్లిని తలుచుకోవాలి. ఎవరిస్తో 1946లో బెలో ఒరిజోంతే నగరంలో ఒక ఫవేలాలో పుట్టింది. తల్లి బట్టలు ఉతికేది. కరోలినా పుస్తకం 1960లలో ఆ ఇంటికి చేరింది. ఆ తల్లి అది చదివి, ఇదేదో మన బతుకే కదా అనుకుని, తానూ ఒక డైరీ రాయడం మొదలుపెట్టింది. విమర్శకులు సాహిత్యమా కాదా అని తర్జనభర్జన పడుతుంటే, చాకిరేవు దగ్గర ఒక పాఠకురాలు ఆ ప్రశ్నే అడగకుండా కలం పట్టింది.

ఆమె కూతురు పాచిపని చేస్తూ ఉపాధ్యాయ శిక్షణ పూర్తి చేసి, 1973లో రియో వెళ్ళి టీచరు అయింది. ఆమె కవితలు 1990లో 'నల్ల నోటుపుస్తకాలు' అనే సంకలనాల వరసలో మొదటిసారి వచ్చాయి. నల్ల కవులే డబ్బులేసుకుని 1978 నుంచి తెస్తున్న సంకలనాలవి. తర్వాత ఆమె డాక్టరేటు చేసింది, కథలు, నవలలు రాసింది. 'ఎస్క్రెవివెన్సియా' అనే మాట పుట్టించింది. రాయడం, బతకడం అనే రెండు మాటలు కలిపి నేసినది అది. దాన్ని మనం 'బతుకురాత' అనుకోవచ్చు. తెల్లవాళ్ళ పిల్లలను నిద్రపుచ్చడానికి నల్ల దాసీలు కథలు చెప్పేవాళ్ళు, మేం రాసేది మాత్రం ఆ ఇంటివాళ్ళను జోకొట్టడానికి కాదు, నిద్ర చెడగొట్టడానికి అన్నది ఆమె వాదన సారాంశం. ఈ మాటలో బతుకూ ఉంది, రాతా ఉంది. బతుకు మాత్రమే తీసుకుని రాతను వదిలేయడానికి వీల్లేదు. కరోలినాకు జరిగినదానికి ఇది సిద్ధాంతపరంగా వచ్చిన జవాబు.

2018లో ఎవరిస్తో బ్రెజిల్ సాహిత్య అకాడమీ సభ్యత్వానికి నిలబడితే ఒక్క ఓటు వచ్చింది. 1897లో ఆ అకాడమీకి మొదటి అధ్యక్షుడైన మషాదో డి అసీస్ ఆఫ్రికన్ సంతతివాడు. అయినా ఒక నల్ల స్త్రీ అందులో అడుగుపెట్టడానికి 2025 జూలై దాకా పట్టింది. నవలా రచయిత్రి అనా మరియా గొన్సాల్వెస్ అలా ఎన్నికైన మొదటి నల్ల స్త్రీ.

మనకు దీనితో ఏం పని?

బ్రెజిల్ వర్ణవివక్ష, మన కులం ఒకటి కావు. అక్కడ అంటరానితనాన్ని శాసించే ధర్మశాస్త్రం లేదు. ఇక్కడ ఓడల్లో తెచ్చి వేలం వేసిన చరిత్ర లేదు. రెండిటినీ కలిపేసి మాట్లాడితే రెండూ అర్థం కావు. కానీ సాహిత్యం గడప దగ్గర జరిగే తనిఖీ మాత్రం రెండుచోట్లా ఒకేలా ఉంది. దళితుడు ఆత్మకథ రాస్తే కన్నీళ్ళు పెట్టుకుని చదువుతారు. అదే దళితుడు ప్రేమ మీద, వాన మీద, ఛందస్సు మీద, తత్వం మీద రాస్తే ఇది నీ వస్తువు కాదంటారు. పద్యం మీద తన హక్కు కోసం జాషువా ఎంత పెనుగులాడాడో మనకు తెలుసు. దళిత స్త్రీ అయితే రెండింతలు. ఆమె రాతను సాక్ష్యంగా వాడుకుంటారు, శిల్పం మాట ఎత్తరు.

మా ఇళ్ళలో మొదటిసారి విశ్వవిద్యాలయం గడప తొక్కినవాళ్ళం మేం. సెమినార్లలో మమ్మల్ని మా అనుభవం చెప్పమంటారు, సిద్ధాంతం ఇంకొకరు చెబుతారు. ఈ పని విభజన ఎక్కడినుంచి వచ్చిందో కరోలినా కథ చదివాక మాకు ఇంకా బాగా తెలిసింది.

కాబట్టి టీచర్లకు, విద్యార్థులకు, కార్యకర్తలకు మేం చెప్పేది ఇది. దళిత స్త్రీ రాసిన కవిత పాఠంలో వస్తే అందులో ఎంత బాధ ఉందని అడిగి ఊరుకోకండి. మాట ఎక్కడ విరిచింది, ఏ పోలిక ఎందుకు తెచ్చింది, ఎవరిని చదివి ఎవరితో తగువు పడింది అని కూడా అడగండి. ఆమె భాషను ఎవరైనా దిద్దితే ఎందుకు దిద్దారని అడగండి, దిద్దకుండా వదిలేసినా ఎందుకు వదిలారని అడగండి. మన వాడల్లో అమ్మలు, అమ్మమ్మలు రాసిపెట్టుకున్న పాటల పుస్తకాలు, లెక్కల పుస్తకాల వెనక పేజీలు ఉంటే వాటిని వెతకండి. అందులో మనకు కావలసిన ముక్క ఒక్కటే చించుకోకుండా మొత్తం పుస్తకం భద్రం చేయండి. కరోలినా రాతప్రతుల్లో ఇంకా అచ్చుకెక్కని పేజీలున్నాయి. కవిగా ఆమెను చదవడం ఆమె సొంత దేశంలోనే ఇప్పుడిప్పుడే మొదలైంది.